నాలుగో వారం

బందరు కాలేజీలో జీవశాస్త్రం డిమాన్‌స్ట్రేటరు సుబ్రహ్మణ్యానికి కోడిగుడ్లతో పని పడినప్పుడల్లా ఇంట్లో ఒక తతంగం జరిగేది. వీధి గుమ్మంలోంచి కాకుండా పెరటి దారిన రావాలి. నూతి దగ్గర నాలుగు చేదలు నెత్తిన గుమ్మరించుకుంటేగాని తల్లి దుర్గాంబ అతన్ని వసారా ఎక్కనిచ్చేది కాదు.

"పంతులు ఉద్యోగమంటే తెలుగో లెక్కలో చెప్పుకుంటావనుకున్నాను గాని, ఈ గుడ్లు పగలగొట్టే కొలువేమిట్రా నాయనా!" అనేది. అంటూనే పొడిపంచె అందించేది. భార్య శేషారత్నం వంటింటి గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ కొలువంటే సుబ్రహ్మణ్యానికి ప్రాణం. పొదిగే కోడి కిందనుంచి రెండో రోజున గుడ్డు తెప్పించి, పెంకుకి చిన్న కిటికీ కోసి, సొనమీద తేలే తెల్లటి బిళ్ళని కత్తెరతో వేరుచేసి, గోరువెచ్చటి ఉప్పునీళ్ళున్న గాజుపళ్ళెంలో పరిచేవాడు. విద్యార్థులు ఒక్కొక్కరే మైక్రోస్కోపు మీదికి వంగేవాళ్ళు. ఆ బిళ్ళ నడుమ ఒక సన్నటి గాడి కనబడుతుంది. గాడికి అటూ ఇటూ రెండు గట్లు లేస్తాయి, ఒకదానివైపు ఒకటి వంగుతాయి, కజ్జికాయ అంచులు కలిపి ఒత్తినట్టు మధ్యలో కలుసుకుంటాయి. గాడి కాస్తా గొట్టమవుతుంది.

"ఆ గొట్టం పైకొస ఉబ్బి మెదడవుతుంది. మిగిలిందంతా వెన్నుపాము. కాలికి ముల్లు గుచ్చుకుంటే అబ్బా అంటారు చూశారూ, ఆ కబురు మోసే నాడులకి పుట్టిల్లు ఇదే. మనుషుల్లోనూ ఇంతే. నాలుగో వారం తిరిగేసరికి గాడి మూసుకుపోతుంది. తన కడుపులో ఇంత పని జరిగిందని ఆ తల్లికి అప్పటికి తెలియనైనా తెలియదు" అని చెప్పేవాడు. ఆ చివరి మాట దగ్గర ప్రతి ఏడూ అతని గొంతు కాస్త మెత్తబడేది. అంతకన్నా అందమైన సంగతి ప్రపంచంలో ఇంకొకటి ఉంటుందని అతననుకోలేదు.

పెళ్ళయి మూడేళ్ళయినా వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఆ ఏడు మాఘమాసంలో దివిసీమనుంచి మేనమామ నాగభూషణరావు కబురు పంపాడు, పౌర్ణమికి హంసలదీవిలో సముద్రస్నానానికి వెళ్తున్నాం, మీరూ రండి అని. చలిలో ప్రయాణం వద్దంది దుర్గాంబ. శేషారత్నం ఔననలేదు, కాదనలేదు. గుడివాడ పిల్ల. బందరు కాపరానికి వచ్చిందన్న మాటేగాని ఒక్కనాడూ సముద్రం చూడలేదు. సుబ్రహ్మణ్యమే పట్టుబట్టి తీసుకెళ్ళాడు. కొంత దూరం బండి, ఏరు దాటడానికి పడవ, అవతల మళ్ళీ బండి. అవనిగడ్డలో మేనమామ ఇంట్లో దిగి, తెల్లవారి అందరితోపాటు హంసలదీవి చేరారు.

కృష్ణ సముద్రంలో కలిసేచోట శేషారత్నం మోకాటిలోతు నీళ్ళలో నిలబడి నోరు తెరుచుకుని చూస్తూండగా ఒక అల వచ్చి విరుచుకుపడింది. మనిషి పూర్తిగా మునిగిపోయింది. సుబ్రహ్మణ్యం చెయ్యి పట్టుకు లేపేసరికి ముడి ఊడిపోయి, ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయి, దగ్గుతూ, దగ్గు మధ్యలో పకపక నవ్వుతోంది. "ఇంకోసారండీ, ఇంకొక్కసారి!" అని నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా అతని చెయ్యి పట్టుకు లోపలికి లాగింది. అవనిగడ్డ తిరిగొచ్చాక రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడింది. మిరియాల కషాయంతో తగ్గిపోయింది. ఇంట్లో పెద్దల కళ్ళముందు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే గగనమైన ఆ జంట, మొగుడూ పెళ్ళాల్లా చేతులు పట్టుకు తిరిగింది ఆ ప్రయాణంలోనే.

ఉగాదికి ముందే శేషారత్నం నెల తప్పింది. దుర్గాంబ కోడల్ని కాలు కింద పెట్టనివ్వలేదు. జ్యేష్ఠమాసంలో సూర్యగ్రహణం వస్తే తలుపులు మూసి, చీకటి గదిలో చాపమీద వెల్లకిలా పడుకోబెట్టి, "కదలకు, గోకకు, ఏదీ కొయ్యకు" అని చెప్పి వెళ్ళింది. ఎంతసేపని పడుకుంటుంది? తలుపుసందులోంచి పడే వెలుతురులో శేషారత్నం బొంతల పక్కనున్న కత్తెరా సూదీ తీసుకుని, పుట్టబోయే బిడ్డకి ఒక చిన్న చొక్కాకి అంచు కుట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి పంపారు. దసరాల్లో ఒకనాడు ఆవిడ తండ్రి రాధాకృష్ణమూర్తి, గుడివాడ కోర్టులో గుమాస్తా, స్వయంగా రైలెక్కి వచ్చి కాలేజీ వరండాలో నిలబడ్డాడు.

"ఆడపిల్ల నాయనా. అమ్మాయి క్షేమంగానే ఉంది" అన్నాడు.

"పిల్లో?"

ఆయన ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వొకసారి వచ్చి చూడాలి. మాకేం పాలుపోవడం లేదు."

పురిటిగది గడప దాటవద్దని అత్తగారు అడ్డం వచ్చింది. సుబ్రహ్మణ్యం వినిపించుకోలేదు. గుడ్డపొత్తిలో బిడ్డ మొహం చూశాడు. ముద్దొచ్చే మొహం, నల్లటి జుట్టు, చేతులు ఆడిస్తోంది. కాళ్ళు మాత్రం ఎక్కడ పెడితే అక్కడే ఉన్నాయి. మెల్లగా బోర్లా తిప్పాడు. నడుముకి కాస్త కింద, వెన్నుమీద, నిమ్మకాయంత ఎర్రటి బుడిపె. దానిమీద చర్మం లేదు, ఉల్లిపొరలాంటి పొర, ఆ పొరమీద తడి. బుడిపె నడుమ నిలువునా ఒక గాడి.

ఆ గాడిని అతను గుర్తుపట్టాడు. ఆ ఇంట్లో ఇంకెవరూ గుర్తుపట్టలేరు. ఏళ్ళ తరబడి మైక్రోస్కోపు కింద చూసిన గాడే. ఈ కాస్త మేర గట్లు ఒకదాన్నొకటి చేరుకోలేదు.

"నయమవుతుందాండీ?" అంది శేషారత్నం మంచంమీదనుంచి.

"బందరు తీసుకెళ్దాం. డాక్టరుగారికి చూపిద్దాం" అన్నాడు, ఆవిడవైపు తిరక్కుండా.

పురుడు వెళ్ళగానే తల్లినీ బిడ్డనీ బందరు తెచ్చారు. ఆడవాళ్ళ ఆస్పత్రిలో డాక్టరు రాహేలు అని ఒకావిడ ఉండేది, మద్రాసులో చదివింది, మాట దాచే రకం కాదు. బిడ్డని వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. పాదాలమీద గుండుసూదితో మెల్లగా గుచ్చింది. బిడ్డ ఏడవలేదు. తల చుట్టూ టేపు పెట్టి కొలిచింది. తర్వాత శేషారత్నాన్ని బయట కూర్చోబెట్టి సుబ్రహ్మణ్యంతో మాట్లాడింది.

"మీకు తెలిసిన విషయమే కాబట్టి సూటిగా చెబుతున్నానండీ. కాళ్ళకి వెళ్ళవలసిన నాడులు ఆ బుడిపెలోనే పాడైపోయాయి. నడక రాదు. మద్రాసులో ఆపరేషన్లు చేస్తారు, బతికేవాళ్ళు తక్కువ. బతికినా తలలో నీరు చేరుతుంది. ఈ పాపకి అది అప్పుడే మొదలైనట్టుంది."

"ఏం చెయ్యమంటారు?"

"బుడిపె చిట్లకుండా చూసుకోండి. శుభ్రంగా ఉంచండి." టేపు చుట్టి పెడుతూ, "ఎత్తుకోండి. మిగతా పిల్లల్లాగే ఎత్తుకోండి" అంది.

బిడ్డకి సరోజిని అని పేరు పెట్టారు. బారసాలకి పిలిచిన ముత్తయిదువుల్లో సగంమంది రాలేదు. వచ్చినవాళ్ళు గ్రహణం మాట ఎత్తారు. కడుపుతో ఉన్న పిల్ల ఆ వేళ ఏదో కోసే ఉంటుంది అన్నారు. ఆ మాట చెవిన పడ్డనాడు శేషారత్నం అన్నం ముందునుంచి లేచిపోయింది. మర్నాడు సుబ్రహ్మణ్యం కాలేజీనుంచి రాగానే వసారాలో అతని కాళ్ళ దగ్గర కూలబడి చొక్కా సంగతంతా చెప్పేసింది.

"నేనే కోశానండీ. కత్తెరతో గుడ్డ కోశాను. సూదితో గుచ్చాను. అదే దాని వీపుమీద పడింది."

"కాదు రత్నం! కానేకాదు!" అన్నాడు సుబ్రహ్మణ్యం. ఆవిడ ఇంకా వెక్కుతూండగానే చెప్పడం మొదలుపెట్టాడు. గ్రహణంనాటికి బిడ్డ ఒళ్ళంతా ఏర్పడిపోయింది. ఈ లోపం జరిగింది అంతకు చాలా ముందు. అందరికీ మొదట ఒక గాడే ఉంటుంది, అది నాలుగో వారంలో మూసుకోవాలి, మన పిల్లకి ఆ కాస్త మేర మూసుకోలేదు. అప్పటికి నువ్వు కడుపుతో ఉన్నావని నీకే తెలియదు. కత్తెరకీ దీనికీ సంబంధమే లేదు. నేను రాసిస్తాను కావలిస్తే. రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి, వంచి, కలిపి చూపించాడు. పెళ్ళయిన తర్వాత ఆవిడకి తన చదువు చెప్పడం అదే మొదటిసారి. ఈ చదువు ఇందుకైనా పనికొచ్చిందని ఆ క్షణాన అతనికి అనిపించింది.

శేషారత్నం ఏడుపు ఆగింది. అతని చేతులవైపే చూసింది. ఆ పూట కడుపునిండా అన్నం తింది. అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

తర్వాత కొన్నాళ్ళకి, ఆదివారంనాడు, బిడ్డకి నూనె రాస్తూ అడిగింది:

"ఏమండీ, నాలుగో వారం అన్నారు కదా. మన పిల్లకి అది ఏ నెలలో అయి ఉంటుంది?"

అతను పేపరు చూస్తున్నాడు. తల ఎత్తకుండానే, "దసరాల్లో పుట్టింది కదూ... వెనక్కి వెళ్తే మాఘమాసం..." అని చటుక్కున ఆగిపోయాడు.

"పౌర్ణమి" అంది శేషారత్నం.

పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆవిడ చేతులు బిడ్డ ఛాతీమీద అలాగే ఆగిపోయి ఉన్నాయి.

"అల కొట్టి పడ్డాను కదండీ. ఉప్పునీళ్ళు కడుపులోకి పోయాయి. ఇంకోసారి, ఇంకోసారి అని నేనే లోపలికి వెళ్ళాను. తర్వాత జ్వరం వచ్చింది. దానివల్లనా?"

గ్రహణం గురించి చెప్పినప్పుడు, ఆవిడ ఏడుపు ఆగకముందే కాదన్నాడు. ఇప్పుడు నోరు తెరిచాడు గాని మాట రాలేదు. ఎప్పుడో చదివిన ఒక పేజీ కళ్ళముందు నిలబడింది. కప్పగుడ్లని ఉప్పు కలిపిన నీళ్ళలో ఉంచితే వాటిలో ఆ గాడి మూసుకోలేదని ఎక్కడో జర్మనీలో ఎవరో రాశారు. కప్పగుడ్డు వేరు, మనిషి వేరు. నీళ్ళలో నానడం వేరు, ఓ గుక్క మింగడం వేరు. అదంతా అతనికి తెలుసు. కాని జ్వరం సంగతేమిటి? పడడం సంగతేమిటి? ఏ కారణంచేత మూసుకోదో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. తెలియనిదాన్ని కాదని ఎలా అనడం?

"కాదు" అన్నాడు.

కాని అప్పటికే ఆలస్యమైపోయింది. శేషారత్నం అతని మొహంలోకి చూస్తూనే ఉంది. బిడ్డకి నూనె రాయడం పూర్తిచేసింది.

ఆ రోజునుంచీ ఆవిడ ఆ నెలంతా తవ్వుకోవడం మొదలుపెట్టింది. ఏకాదశి ఉపవాసం ఉన్నానా లేదా? పడవ ఎక్కేటప్పుడు కాలు జారిందా? ఆ కషాయంలో ఏం వేశారు? బండిలో ఏ పక్కకి పడుకున్నాను? అన్నం వడ్డిస్తూ అడిగేది, నీళ్ళు తోడుతూ అడిగేది. ఒక్కొక్కదానికీ అతను ఓపిగ్గా కాదని చెప్పేవాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ వినేది మాత్రం ఆ ఆదివారంనాటి మౌనాన్నే. వాళ్ళ కాపరంలో ఉన్న నాలుగు మంచిరోజులూ అలా ఒక్కొక్కటే చేతికి రాకుండా పోయాయి.

ఒకసారి దుర్గాంబ కొడుకుని పెరట్లోకి పిలిచింది. "గ్రహణం అనుకుంటే అనుకోనివ్వాల్సింది కదరా. వచ్చేసారి తలుపులు వేసుకుని బుద్ధిగా పడుకుంటానని ధైర్యం చెప్పుకునేది. ఇప్పుడు దానికి ఏం మిగిల్చావు?"

"అబద్ధం కదమ్మా."

"నీ నిజంతో అది ఏం చేసుకుంటుంది?" అంది దుర్గాంబ. కోపంగా అనలేదు. మనవరాలి గుడ్డలు పిండి తీగమీద ఆరేస్తూ అంది.

సంక్రాంతి వెళ్ళేసరికి సరోజిని తల పెరగడం అందరికీ తెలుస్తోంది. నుదురు ముందుకి పొడుచుకొచ్చింది, మాడుమీద చర్మం సాగి నరాలు నీలంగా తేలాయి. కళ్ళు కిందికి దిగినట్టుండేవి. అయినా తల్లిని చూస్తే నవ్వేది. తల్లి గొంతు ఎటునుంచి వినిపిస్తే అటు చూపు తిప్పేది. బరువైన తల తిరిగేది కాదు, కళ్ళే తిరిగేవి.

ఒక మధ్యాహ్నం బిడ్డని వసారాలో చాపమీద పడుకోబెట్టి శేషారత్నం మడిబట్ట ఆరేయడానికి వెళ్ళింది. తిరిగివచ్చి చూస్తే పిల్ల దూలం మీద ఆడుతున్న ఎండవైపు చూస్తూ కిలకిల నవ్వుతోంది. పాదాలనిండా ఎర్రచీమలు. వేళ్ళసందుల్లో, మడమలమీద, కుట్టి కుట్టి దద్దుర్లు తేలాయి. ఆవిడ కేక విని సుబ్రహ్మణ్యం పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ చీమల్ని దులిపారు. అంతసేపూ పిల్ల నవ్వుతూనే ఉంది.

"దీనికి తెలియలేదండీ" అంది శేషారత్నం. "ఇన్ని చీమలు కుట్టినా దీనికి తెలియలేదు."

కాలికి ముల్లు గుచ్చుకుంటే కబురు మోసే నాడుల గురించి ఏటేటా చెప్పే మనిషి, ఆ దద్దుర్లమీద సున్నం రాస్తూ కూర్చున్నాడు.

రోహిణికార్తె ఎండల్లో బుడిపెమీద పొర చిట్లింది. మర్నాటికి కాలిపోయే జ్వరం. మెడ వెనక్కి విరుచుకుపోయింది. డాక్టరు రాహేలు వచ్చి చూసి, ఏదో మందు ఇచ్చి, వెళ్ళకుండా బిడ్డ పక్కనే కూర్చుంది. ఏం చెయ్యగలరని ఎవరూ అడగలేదు. రెండో రోజు మధ్యాహ్నం సరోజిని తల్లి ఒళ్ళో పోయింది. ఏడాది నిండని పిల్లలకి దహనం ఉండదు. సుబ్రహ్మణ్యం చేతులమీద తీసుకువెళ్ళి పాతిపెట్టి వచ్చాడు. తల బరువుకి మోచెయ్యి నొప్పిపెట్టింది. ఆ నొప్పి రెండు రోజులు ఉండి తగ్గిపోయింది. అది పోయిన తర్వాత ఇంకా కష్టంగా ఉంది.

శేషారత్నాన్ని కొన్నాళ్ళు ఉంచుకుంటామని పుట్టింటివాళ్ళు గుడివాడ తీసుకెళ్ళారు. కాలేజీ తెరిచారు. ఆషాఢం వెళ్ళింది, శ్రావణం వెళ్ళింది. అతను రెండుసార్లు వెళ్ళి అడిగాడు. వస్తాను, ఇంకొన్నాళ్ళు ఆగి వస్తాను అంది. కార్తీకంలో మూడోసారి వెళ్ళినప్పుడు ఆవిడే పెట్టె సర్దుకుని సిద్ధంగా ఉంది. తల్లి బొట్టు పెట్టి చీర పెట్టింది. రాధాకృష్ణమూర్తి స్టేషన్‌దాకా వస్తానంటే, వద్దు నాన్నా అని ఆవిడే ఆపింది.

జట్కా దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. బెజవాడనుంచి బందరు వెళ్ళే బండి వచ్చి ఆగింది. సుబ్రహ్మణ్యం పెట్టె లోపల పెట్టి, చెయ్యి అందించాడు. శేషారత్నం ఆ చేతివైపు చూసింది. ఒక అడుగు ముందుకి వేసింది, ఆగిపోయింది. వెనక్కి వెళ్ళి బెంచీమీద కూర్చుంది.

అతను పెట్టె దింపుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. బండి కూత వేసి వెళ్ళిపోయింది.

"మీమీద నాకు కోపం లేదండీ" అంది. "అత్తయ్యగారి మీదా లేదు. ఇక్కడ ఉంటే ఏదో పనిలో పడి మరిచిపోతాను. మీరు ఎదురుగా కనబడేసరికి మళ్ళీ ఆ నెల మొదలవుతుంది. ఏం చేశాను, ఏం తిన్నాను, ఎక్కడ పడ్డాను... రేపు ఇంకో బిడ్డ కడుపులో పడితే? పడిన సంగతి నాకు తెలిసేసరికే అంతా అయిపోయి ఉంటుంది. మీరే చెప్పారు. అప్పుడు నేను ఏ జాగ్రత్త పడను? ఏ నెలకి ఆ నెల ఎలా బతకను?"

అందరికీ అలా జరగదు, వెయ్యిమందిలో ఒకరికి జరుగుతుంది అని చెప్పాలనుకున్నాడు. ఆ ఒక్క మనిషీ ఎదురుగానే కూర్చుని ఉంది. ఎండ ప్లాట్‌ఫారం చివరిదాకా జరిగింది. ఒక కూలీ వచ్చి, సాయంత్రం బండికేనా బాబూ అని అడిగి వెళ్ళాడు.

"పద, ఇంటిదగ్గర దింపుతాను" అన్నాడు చివరికి.

జట్కా పిలిచి పెట్టె ఎక్కించాడు. అత్తవారి గుమ్మం ముందు దింపితే, రాధాకృష్ణమూర్తి బయటికి వచ్చి ఇద్దరి మొహాలూ చూసి, పెట్టె తానే అందుకుని లోపలికి తీసుకెళ్ళాడు. శేషారత్నం మెట్టుమీద ఆగి, "భోంచేసి వెళ్ళండి" అంది. చుట్టాలతో అన్నట్టు అంది. అతను తిన్నాడు. ఆవిడే వడ్డించింది.

సాయంత్రం బండిలో జనం పలచగా ఉన్నారు. గుడ్లవల్లేరు దాటింది, పెడన దాటింది. కిటికీ బయట కోతకి వచ్చిన చేలు చీకట్లో కలిసిపోయేదాకా అతను చూస్తూ కూర్చున్నాడు. బందరులో దిగి ఇంటికి నడిచి వెళ్ళేసరికి దుర్గాంబ దీపం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అతని వెనక ఎవరూ లేరని చూసింది. పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.